ఏ నేలకు ఏ కాయిల్: గద్వాల నుంచి తెలకపల్లి పాత బోరు దాకా

ఫిబ్రవరి 12, గురువారం. తెలకపల్లి.

మెటల్ డిటెక్టర్ కొనాలనుకుంటున్నాం, దానికి ఎంత కాయిల్ తీసుకోవాలి అని నెల రోజులుగా పాఠకులు అడుగుతున్నారు. నిన్న ఒక్క రోజులో రెండు జిల్లాల్లో, రెండు రకాల చోట్ల వెతికాను కాబట్టి జవాబు ఇప్పుడే రాస్తున్నాను. వెతకడానికి కారణం మా చెల్లెలు అనసూయ పొలం. కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో వాళ్లు పాత బోరును మూతపెట్టి పూడ్చేశారు. తర్వాత నేల చదును చేశారు, గుర్తుగా ఉన్న తుమ్మచెట్టు పోయింది. ఈ యాసంగిలో కాలువ నీరు చివరి మళ్లకు అందడం లేదు. కొత్త బోరు వేసే బండి ఈ ఉదయం ఏడింటికి రావాలి. ఆలోపు పాతది దొరికితే బండితో పని లేదు. దొరక్కపోతే వాళ్లు దాచుకున్నదంతా నీళ్లు పడతాయో లేదో తెలియని కొత్త గొట్టంలోకి పోతుంది.

నేను భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఈ యంత్రాన్ని మొదట మా పెరట్లో ఎరువు గుంతలో పోయిన ముక్కుపుడక కోసం కొన్నాను. దానికి మూడు కాయిల్స్ ఉన్నాయి. కాయిల్ అంటే నేల మీద ఊపే గుండ్రటి పళ్లెం, లోపల రాగితీగ చుట్టి ఉంటుంది. చిన్నది ఆరంగుళాలు, నడిమిది పదకొండు, పెద్దది పదిహేను. లోతుగా పూడిన బోరు మూతకు పెద్దదే కావాలి. అయితే దాని వైరు తెగి, బాగుచేయడానికి పదిరోజులుగా గద్వాలలోని ఒక మోటార్ వైండింగ్ షాపులో ఉంది. కనుక తెలకపల్లికి దారి గద్వాల మీదుగానే పడింది.

వనపర్తిలో ఉదయం ఆరుంబావు బస్సెక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు సున్నా టికెట్. పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా దాటుకుంటూ ఎనిమిదికి గద్వాలలో దిగాను. కృష్ణ మీద వంతెన దాటేటప్పుడు నీటి మీద ఎండ పడుతుంది, ఎడమవైపు కిటికీ పట్టుకోండి. బస్టాండ్ నుంచి షాపుకు ఆటో నలభై రూపాయలు. డ్రైవరు అద్దంలోంచి నా సంచీ వంక చూస్తూనే ఉన్నాడు.

"అమ్మా, గిది గుప్తనిధులు ఎతికే మిషన్ గదా? కోట కాడికి పోదమా? సగం సగం."

"సగం నిధి నీకు. పట్టుబడితే జైలు మాత్రం మొత్తం నీకే. సమ్మతమేనా?"

"వద్దమ్మా. నా నలభై నాకియ్యి, సాలు."

నవ్వుతూ చెప్పినా ఇది నవ్వులాట కాదు. కోటలు, గుళ్లు, పాత దిబ్బలు మనం వెతికే చోట్లు కావు. అక్కడ కాయిల్ దించడమే నేరం. ఎవరి భూమి అయినా యజమాని నోటితో అనుమతి ఇచ్చాకే నేను సంచీ విప్పుతాను.

షాపు ఖాజాది. యాభై ఏళ్ల మనిషి, పొలం మోటార్లు చుట్టడంలో దిట్ట. నా పెద్ద కాయిల్‌ను గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టి ఉంచాడు. "కాయిల్ అంటె కాయిలే అమ్మా, మోటార్‌దైతేంది, మీదైతేంది. పెద్దగ చుడితె దూరం చూస్తది, చిన్న చీజ్ కానరాదు. మా అబ్బాజాన్ లెక్కన. దూరపు అద్దాలు పెట్టుకొని పేపర్ సదువుతనంటడు." మూడు వందలు తీసుకున్నాడు. నేను పాఠంలో పావుగంట చెప్పే సంగతిని అతను రెండు మాటల్లో చెప్పాడు.

అంతలో పక్కింటి నేతగత్తె పద్మ తలుపు దగ్గరికి వచ్చింది. "ఖాజా భాయ్, టీచరమ్మను జర మా మగ్గం కాడికి రమ్మను. నా కమ్మ మర గుంటల పడ్డది. నాల్గు దినాలాయె, చెవుకు పుల్ల పెట్టుకొని తిరుగుతున్న." ఆమెది గుంట మగ్గం. కాళ్లు పెట్టి తొక్కే గుంతలో మట్టి నేల, అంచుల్లో మేకులు, విరిగిన సూదులు. ఇలాంటి చోట పెద్ద కాయిల్ పెడితే నాలుగు మేకులను ఒకేసారి చూసి గందరగోళపడుతుంది. ఆరంగుళాలది బిగించి, ఇనుమును పట్టించుకోవద్దని యంత్రానికి మీట నొక్కి చెప్పాను. మగ్గం మీద సగం నేసిన చీర అంచు పక్కగా కాయిల్ పోగానే అది సన్నగా కూసింది.

"ఇగ చూడు," అంది పద్మ. "జరీ అసలుదని మిషనే చెప్పవట్టె. సేటుకు ఇనిపియ్యాలె."

ఆరు నిమిషాల్లో, తొక్కుడు కర్ర వెనక మట్టిలో, ఉలవగింజంత బంగారు మర దొరికింది. పద్మ అక్కడే చెవికి బిగించుకుని, నాకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టకుండా కదలనివ్వలేదు. పావుగంట ఆలస్యమైంది. ఆ ఆలస్యం సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

గద్వాలలో పది గంటల బస్సు, వనపర్తిలో పదకొండూ యాభైకి మరో బస్సు, ఒకటింబావుకు నాగర్‌కర్నూల్. అక్కడి నుంచి తెలకపల్లికి షేర్ ఆటో. దిగేసరికి రెండు. పొలం గట్టుకే ఇల్లు, కనుక చేతులు కడుక్కుని తిన్నగా భోజనానికి కూర్చున్నాను. అనసూయ కోడలు స్వరూప జొన్నరొట్టెలు చేసి వేడివేడిగా వేస్తోంది. అనసూయ రొట్టెను తిప్పి చూసింది.

"అంచులు మాడుతయి, నడుమ పచ్చి. గదే అమ్మ పెంక ఉంటెనా అక్కా, రొట్టె పూరీ లెక్క పొంగు. కాపాడేటోళ్లు ఉండాలె గదా."

 స్వరూప నా కంచంలో పప్పు వేసి లోపలికి వెళ్లింది. ఆ పెంక కథ నాకూ తెలుసు. పాన్‌గల్‌లో మా పుట్టింటి కమ్మరి కొట్టిన, రొట్టెలు కాల్చే ఇనుప పెంక అది, అంచున మూడు గీతలు ఉంటాయి. ఎనిమిదేళ్ల కిందట, స్వరూప కాపురానికి వచ్చిన రెండో నెలలో మాయమైంది. అమ్మ సామాన్లు ఏవి ఎవరింట్లో ఉన్నాయో రాసిపెట్టిన నా నోటుబుక్కులో దాని ఎదురుగా "పోయినది. స్వరూప నిర్లక్ష్యం" అని నేనే రాశాను. రాయడమే కాదు, ఇంటి వస్తువుకు జవాబుదారీ నేర్చుకోమని ఆ పిల్లకు మొహం మీదే చెప్పాను.

రెండున్నరకు పొలంలోకి దిగాం. అనసూయ భర్త బాలయ్య, కొడుకు రవీందర్ నాతో వచ్చారు. బోరు గొట్టం ప్లాస్టిక్‌ది, అది కాయిల్‌కు కనబడదు. మూత ఒక్కటే ఆధారం.

"మూత దేనిది బాలయ్యా?"

"ఇనుపది వదినా. గుండ్రంగ ఉంటది," అన్నాడు, గట్టు వైపు చూస్తూ.

ఇక్కడిది ఎర్ర చెలక. నేలలోనే ఇనుము అంశ ఎక్కువ, కనుక యంత్రాన్ని ముందు ఆ మట్టికి సరిచూసుకోకపోతే అడుగడుక్కీ అరుస్తుంది. అది చేశాను. పెద్ద కాయిల్ బిగించాను. రవీందర్ తాళ్లు కట్టి పొలాన్ని రెండు గజాల పట్టీలుగా విడదీశాడు. పట్టీ తర్వాత పట్టీ రెండు గంటలు ఊపాను. యంత్రం ఒక్కసారి కూడా గట్టిగా పలకలేదు.

"దొరకదు వదినా," అన్నాడు బాలయ్య. "నేలల ఎటో పోయింటది. పొద్దుగాల బండి ఎట్లనన్న వస్తది. కొత్తదే ఏపిద్దం. నువ్వు పరేషాన్ గాకు."

"బోరు నడుచుకుంటూ పోదు బాలయ్యా."

అయితే నా భుజం లాగుతోంది. రవీందర్ మాటిమాటికీ ఫోను తీసి టైము చూస్తున్నాడు. నాలుగున్నరకు స్వరూప చాయ్ తెచ్చింది. గ్లాసులు గట్టు మీద పెట్టి, "పెద్దత్తా, ఇనుము కాడ గిది ఎట్ల కూస్తదో ఒక్కపారి ఇననీ. మూత ఎంతుంటది మామా?" అని అడిగింది. బాలయ్య చేతులతో చూపించాడు.

"మన రొట్టెల పెంకంత ఉన్నట్టున్నది. తెస్తనాగు."

"పెంకెందుకు," అన్నాడు బాలయ్య గాభరాగా. "పార పెట్టి చూడుండ్రి."

స్వరూప అప్పటికే ఇంటిదారిలో ఉంది. పెంక తెచ్చి నేల మీద పెట్టింది. కాయిల్‌ను దాని మీదుగా ఊపాను. యంత్రం నోరు మెదపలేదు. మళ్లీ ఊపాను. లేదు. అంత ఇనుము కళ్లెదుట ఉంటే కనబడని యంత్రం రెండడుగుల లోతున ఏం చూస్తుంది? అప్పుడు తెర మీద గుర్తు చూశాను. పొద్దున గద్వాలలో ఇనుమును పట్టించుకోవద్దని నేను నొక్కిన మీట అలాగే ఉంది. ఆపి మళ్లీ వేసినా యంత్రం పాత ఆజ్ఞనే గుర్తుంచుకుంటుంది. ఏ చోటికి వెళ్లినా మొదలుపెట్టే ముందు, వెతికే దానిలాంటి వస్తువుతో పరీక్షించాలని నేను అందరికీ చెప్తాను. ఆలస్యమైందని నిన్న నేనే అది మానేశాను.

"తప్పు నాది. ఇనుపమూత కోసం వెతుకుతూ, ఇనుము చెప్పొద్దని దీని నోరు నేనే మూశాను."

స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రెండు గంటలు ఊకనే నడిచినవా పెద్దత్తా?"

"వ్యాయామం అనుకో."

మీట తీసేశాక పెంక మీద యంత్రం పెట్టిన కేకకు గట్టు మీది కొంగలు లేచిపోయాయి. మళ్లీ మొదటి పట్టీ నుంచి నడిచాను. మేకులు, తీగముక్కలు చిన్నగా పలికాయి, వాటిని వదిలేశాను. ఐదూ పదికి, నాలుగో పట్టీలో, కాయిల్ రెండడుగుల వెడల్పు దాటే దాకా ఆగని ఒకే పెద్ద స్వరం వచ్చింది. ఎటు నుంచి ఊపినా అదే. రవీందర్ తవ్వాడు. అనసూయ కూడా ఇంట్లోంచి వచ్చి నిలబడింది. మోకాలి లోతు దాటాక పార ఠంగుమంది.

రవీందర్ చేతులతో మట్టి తీసి, తుప్పు రాలుతున్న ఒక గుండ్రటి ఇనుప వస్తువును పైకెత్తాడు. అది రేకు కాదు, నడుమ గుంటగా ఉంది. అనసూయ దాన్ని లాక్కుని అంచును కొంగుతో రుద్దింది. ఒక గీత, రెండు, మూడు.

"గిది అమ్మ పెంక."

 అందరం బాలయ్య వైపు తిరిగాం.

"ట్రాక్టరోడు జల్ది జల్ది అనవట్టె," అన్నాడాయన మెల్లగా. "పిల్లలు పడ్తరని బుగులైంది. మూతకు వాకిట్ల గదే కనవడ్డది. సాయంత్రం చెప్దమనుకున్న. ఇంటికొచ్చేసరికి మీ అక్కచెల్లెండ్లిద్దరు గా పిల్లను నిలవెట్టి అడుగుతుండ్రి. గప్పుడు నోరు తెరిస్తె నాకు బువ్వ పుడతదా?"

"ఎనిమిదేండ్లు," అంది అనసూయ. "ఎనిమిదేండ్లు నా పక్కన కూసోని మాడిన రొట్టె తింటివి."

స్వరూప గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. "మామా, నేను పోయిన పెంక కోసం ఎన్ని గుళ్లల్ల కొబ్బరికాయ కొట్టిన్నో నీకెరుకనా?" రవీందర్ గోతిలోనే నవ్వుతూ, పెంక కింద బయటపడ్డ బోరు గొట్టంలోకి చిన్న రాయి వదిలాడు. నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. లోపల బుడుంగుమంది. రెండు సెకన్లంటే అరవై నాలుగు అడుగుల దగ్గర నీళ్లు. రవీందర్ ఆ గోతిలోంచే బోరు బండి వాళ్లకు ఫోను చేశాడు.

రాత్రి ఇక్కడే ఉండిపోయాను. ఇంత ఆనందంగా ఓడిపోయిన రోజు నాకు ఇటీవల లేదు. చిన్న కాయిల్ కిక్కిరిసిన చోట విడదీసి చూస్తుంది, నడిమిది మామూలు చేనుకు చాలు, పెద్దది లోతున్న పెద్ద వస్తువుకే. ఇవన్నీ నేర్చుకోవచ్చు. వినొద్దని మనమే ముందు నిర్ణయించుకున్న దాన్ని మాత్రం ఏ కాయిల్ వినిపించదు. నేను యంత్రానికి ఒక్క పూట చేసింది ఆ పిల్ల విషయంలో ఎనిమిదేళ్లు చేశాను. మీకు ఒకే సలహా: వెతికే ముందు, పోయినదాని లాంటి లోహపు వస్తువే ఒకటి ఆ ఇంట్లోంచి తెప్పించి దాని మీద కాయిల్ ఊపి చూడండి.

ఇక జరగాల్సినవి:

1. బోరు నోటికి సరైన మరమూత బిగించి, నేలకు రెండడుగులు పైకి గొట్టం పెంచాలి. రవీందర్, ఈ రోజే.
2. రెండు గట్టు మూలల నుంచి బోరుకు ఎంత దూరమో కొలిచి, ఒక కాగితం వాళ్లింట్లో, ఒకటి నా దగ్గర ఉంచాలి.
3. మోటారు దింపే ముందు ఖాజాకు చూపించాలి.
4. పెంక తుప్పు ఇటుకపొడితో బాలయ్య వదిలించాలి. అనసూయ తీర్పు ఇది. ఆయన నాకు అప్పీలు చేశాడు, కొట్టేశాను.
5. నా నోటుబుక్కులో ఆ పాత మాట కొట్టేసి, "పెంక దొరికినది. తప్పు రాసినది నేను" అని రాయాలి. రాశాను. కింద స్వరూప సంతకం పెట్టాలి. ఆదివారం వచ్చి, ఆ పెంక మీద తను చేసే రొట్టెలు రెండు తిని, ఎట్లున్నయో అనసూయ ముందర చెప్తేనే పెడతానంటోంది. వెళ్తున్నాను.