పైట లోపలా, బయటా

ఢిల్లీలో గుమాస్తా ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మా అమ్మ నోట వచ్చిన మొదటి మాట, "అక్కడ సలికి ఏటి కప్పుకుంటావమ్మీ?"

"కోటు కొనుక్కుంటాను" అన్నాను. నోరు జారాను. ఆ ఒక్క మాట పట్టుకుని అమ్మ నన్ను కదలనివ్వలేదు.

అప్పుడు మేము ఒరిస్సాలో, రాయగడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. డెబ్బైల చివరి రోజులు. నాన్న స్టేషన్లో పని చేసేవాడు గానీ ఇంట్లో సిగ్నల్ మాత్రం అమ్మ చేతిలోనే ఉండేది. "మీ యమ్మ పచ్చజెండా ఊపితే ఎల్లు" అనేసి తప్పుకున్నాడు. అమ్మ ఎర్రజెండా కూడా ఊపలేదు. వద్దు అనదు. "సరైన కోటు దొరకనీ, ఎల్దువుగాని" అంటుంది. ఉద్యోగంలో చేరాల్సిన గడువు దగ్గరపడుతోంది. దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది; ఆ రోజుల్లో అక్కణ్ణించి దిగనే లేదు.

చలి సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కోరాపుట్ హాస్టల్లో చదువుకున్నదానికి చలి పాఠం చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. కానీ కోరాపుట్‌లో మేం దుప్పటి కప్పుకుని క్లాసుకు వెళ్ళినా ఎవరూ నవ్వేవారు కాదు. ఢిల్లీలో నవ్వుతారని నా భయం. అమ్మ భయం వేరు.

"సీర మీద కోటేసుకుంటే పైట ఏటవుతాది? లోపలికెల్తాదా, బయటుంటాదా?"

నాకేం తెలుసు? నేను కోటు చూసింది స్టేషన్‌మాస్టర్ ఒంటిమీద. ఆయనకి పైట లేదు.

నవ్వొచ్చినా, అమ్మ అడిగినదాంట్లో విషయముంది. మా క్రైస్తవుల ఇళ్ళలో ప్రార్థన అనగానే ఆడవాళ్ళ చెయ్యి దానంతటదే పైట అందుకుంటుంది, తలమీద ముసుగు పడుతుంది. చర్చిలో సరే, అన్నం ముందు, రైలెక్కే ముందు, జ్వరపు మంచం పక్కన కూడా అంతే.

"పైట లోపలెట్టి బొత్తాలేసేస్తే ముసుగెలాగేసుకుంటావు? ఒట్టి తల్తో పార్దన సేస్తావేటి?"

"గదికెళ్ళాక కోటు విప్పి చేసుకుంటానే."

"దేవుడు నీ గదికాడే కూకుంటాడేటి?"

దీనికి జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది. బిస్సమ్ కటక్‌లో నర్సు మా అత్త, నాన్నకి పెదనాన్న కూతురు. చిన్న వయసులోనే ఉత్తరాది చలి ఊళ్ళో ట్రైనింగై, అక్కడే కొన్నేళ్ళు పని చేసి వచ్చింది. మా బంధువుల్లో కోటున్న ఏకైక ఆడమనిషి. అత్త ఊ అంటే అమ్మ ఊ అంటుందని నాకు గట్టి నమ్మకం. శనివారం పొద్దున్న అమ్మా నేనూ పాసింజరెక్కాం.

అత్త ట్రంకుపెట్టి తీసింది. కలరా ఉండల వాసనతో కాఫీరంగు కోటొకటి బయటికొచ్చింది. అది నాకు తొడిగి, చుట్టూ తిరుగుతూ పాఠం మొదలెట్టింది.

"ముదురు రంగు కొను. అక్కడ బస్సుల మసికి లేతరంగు నిలవదు. మోకాలి కిందికుండాల. పొట్టికోటూ సీరా కలిస్తే సగం పోస్టుమేనూ సగం పెళ్ళికూతురూ. బుజాలకాడ ఒదులుండాల, లోపల స్వెట్టరెయ్యాల గదా. మరి పైట..." అంటూ నా కొంగు లాగి, నడుం చుట్టూ తిప్పి దోపి, పైన బొత్తాలు పెట్టేసింది. "ఇదీ పద్ధతి."

గోడకున్న అద్దంలో చూసుకున్నాను. ఎవరో ఆఫీసరమ్మలా ఉన్నాను. ఎంత సంతోషమేసిందో! తర్వాత అమ్మ మొహం చూశాను.

"బయటేసుకుంటే ఏటవుతాది వదినా?" అంది అమ్మ.

"నానూ మొదట బయటే ఏసుకున్నాను వదినా. బస్సు మెట్టుకాడ ఎవడో తొక్కేడు. నాను లోపలికెళ్ళిపోయేను, పైట రాలేదు."

అమ్మ కూడా నవ్వేసింది. పని అయిపోయిందనుకున్నాను. కానీ అమ్మ మళ్ళీ అడిగింది. "మరి ముసుగో?"

అత్త చేతులు కోటు కాలరు మీద ఆగాయి. "కొన్నాళ్ళు రుమాలు కట్టేను. తరవాత మానేసేను."

"ముసుగు మానేసేవా?"

"పార్దనే మానేసేను వదినా. ఇక్కడికొచ్చేదాకా మళ్ళీ మోకరించలేదు. గుడ్డ లేక కాదు. పక్కన ఆమెన్ అనే మనిషి లేక."

అత్త మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కోటు గురించి అడగడానికొస్తే ఈవిడ గుండె తెరిచి కూచుందేమిటి? అడిగినదానికి అడిగినంత చెప్పొచ్చు కదా! పెద్దయ్యాక తెలిసింది, అత్త ఆ రోజు నాకు ఇచ్చిన సలహాల్లో అదొక్కటే అసలైనదని. ఆ పూట మాత్రం నా బతుకు బుగ్గిపాలైందనే అనుకున్నాను.

తిరుగు రైల్లో అమ్మ కిటికీలోంచి కొండలు చూస్తూ కూచుంది. నేను ఆగలేకపోయాను. "నీకు కోటు మీదా బెంగ లేదు, ముసుగు మీదా లేదు. నేను వెళ్ళకూడదు, అంతే కదూ?"

"అవును" అంది అమ్మ.

కాదంటుందని, దెబ్బలాడదామని సిద్ధంగా ఉన్నదాన్ని, దిగేదాకా అవతలి కిటికీకేసి తిరిగి కూచున్నాను.

శీతాకాలం వస్తే ఒరిస్సా కొండల్లోని చంద్రగిరి కాలనీ నుంచి టిబెటన్లు దిగి రాయగడలో రోడ్డు పక్కన ఉన్నిబట్టలు పెట్టేవారు. ఆ రోజు స్టేషన్ నుంచి ఇంటికి నడుస్తుంటే అమ్మ ఒక కొట్టు ముందు నిలబడిపోయింది. స్వెట్టర్ల వెనక వేలాడుతున్న కోట్లలో నల్లదాన్ని చూపించి తియ్యమంది. కొట్టావిడ దులిపి నా చేతికిచ్చింది.

తొడుక్కున్నాను. మోకాలి కిందికుంది, భుజాలు ఒదులుగా ఉన్నాయి. అమ్మ కోసమని పైట బయటికే వదిలాను. అమ్మ దగ్గరికొచ్చి ఆ పైట లాగింది. అచ్చం అత్త చేసినట్టే నడుం చుట్టూ తిప్పి దోపింది. కింది బొత్తం నుంచి పైదాకా ఒక్కొక్కటే పెట్టింది. పై బొత్తం బిగువుగా ఉంది. అది పట్టేదాకా వదల్లేదు.

తర్వాత తన పైట తలమీదికి లాక్కుంది. సంతకి పోయే జనం మధ్య, రిక్షాలు బెల్లు కొడుతుంటే, నా తలమీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. నాకు సిగ్గేసింది, కానీ కదల్లేదు. చివర్న ఆమెన్ అన్నాను.

"ముసుగేసుకోలేని కాడ ఒట్టి తల్తోనే సెయ్యమ్మీ" అంది అమ్మ. "నీ ముసుగు ఇక్కడ నానేసుకుంటాను. పొద్దుటొకపాలి, పడుకోబోయేముందొకపాలి. నువ్వక్కడ మొదలెట్టు, ఇక్కడ ఆమెన్ నానంటాను. మానకు."

ఇన్నాళ్ళూ అమ్మ మీద గెలవాలనే చూశాను. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. చిన్నపిల్లలా, రోడ్డు మీదే, కోటు చేతులతో మొహం తుడుచుకుంటూ ఏడ్చాను.

కోటు నచ్చక ఏడుస్తున్నాననుకుంది కాబోలు, కొట్టావిడ గబగబా ఇంకో ఎర్రది దించి మా ముందు పట్టింది.

"ఒద్దమ్మా" అంది అమ్మ, నా బొత్తం మీంచి చెయ్యి తియ్యకుండానే. తర్వాత ఆవిడకి తెలిసేలా ఒడియాలో చెప్పింది. "ఎయిటా దియ." ఇదే ఇవ్వు.