అమ్మ కావలి

ఇయ్యాల పగటీలి మాస్కు పెట్టుకొని కాసేపు పండుకున్న. నిద్రల ఊపిరి ఆగే జబ్బుకు డాక్టరు రాసిన మిషను మాస్కు అది. లేచి చూస్తె అమ్మ కుర్చీల కూసోని నన్నే చూస్తున్నది.

"ఒక్కసారి గూడ నీ ఊపిరి ఆగలే బిడ్డా" అన్నది.

డెబ్బైలల్ల తాండూరుల నాయిన నాపరాళ్ల పనికి పోయేటోడు. రాత్రి నిద్రల గురక పెట్టుకుంట పెట్టుకుంట ఆయన ఊపిరి ఆగిపోయేది. అమ్మ ఉలిక్కిపడి లేచి పక్కకు తిప్పేది. ఎల్లెలకల పండుకోవద్దని ఆయన బనీను వీపుకు గుడ్డల ఉండ కుట్టింది. దాంతోని జర నయమైంది, పనికాడ తూగుడు తగ్గింది. ఆ బనీను చూసి మేం మస్తు నవ్వేటోళ్లం.

"ఇగ నాకు ఫికర్ లేదు" అనుకుంట అమ్మ నా పక్కన ఒరిగింది. కాసేపటికే గురక మొదలువెట్టింది!

ఇప్పుడు కావలి నా వంతు. మీ ఇండ్లల్ల ఎవరి ఊపిరికి ఎవరు కావలి?