ఓడవాళ్ళు కొనిపెట్టిన విమానం టికెట్లు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. అబద్ధాలాడతానని కాదు, ఉన్నదానికి కాస్త గాలి కొడతాను. మా తెలుగు చర్చిలో ఒక ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచాను. వదలని జలుబు వదిలినందుకు దేవుణ్ణి స్తుతిద్దామని నా ఉద్దేశం. మైకు చేతికి రాగానే జలుబు కాస్తా న్యుమోనియా అయింది. కూర్చునే లోపల నేను వెంటిలేటర్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ తర్వాత చాన్నాళ్ళపాటు మా ఊరు కాపెల్‌లో ఉన్న తెలుగు ఆంటీలందరూ మా ఇంటికి మిరియాల చారు మోసుకొచ్చారు. తలుపు తీసిన ప్రతిసారీ, "ఆయన ఇంటి వెనక గడ్డి కోస్తున్నారండీ" అని చెప్పుకోలేక మా ఆవిడ సిగ్గుతో చచ్చింది.

కాబట్టి నేను చెప్పేదాన్ని మీరు మూడుతో భాగించుకోండి. ఓడవాళ్ళు మాకు కొనిపెట్టిన విమానాల గురించి చెప్పినచోట మాత్రం భాగించకండి. అక్కడ తగ్గించే చెప్పాను, మీకు కడుపులో తిప్పకూడదని.

మా ఆవిడా, వాళ్ళక్కా ఒకే దుప్పటి కింద పెరిగినవాళ్ళు. పెళ్ళిళ్ళయ్యాక ఇద్దరూ అమెరికాలో చెరో మూలా తిరిగి తిరిగి చివరికి డాలస్ చేరారు. మేం కాపెల్‌లో, వాళ్ళు ఫ్రిస్కోలో. కారెక్కితే అరగంట. అయినా పొయ్యి, పిల్లలు, మొగుళ్ళు అడ్డం రాకుండా ఇద్దరూ ఒక్క వారం కలిసి గడిపిన పాపాన పోలేదు. కలిస్తే ఏ బర్త్‌డే పార్టీలోనో కలవాలి. అక్కడ కూడా ఒకరు గారెలు వేస్తుంటే ఇంకొకరు పేపర్ ప్లేట్లు సర్దుతుంటారు.

రెండిళ్ళలోనూ ఆఖరి పిల్లలకి కాలేజీ సీట్లు ఖాయం కాగానే అక్కాచెల్లెళ్ళు ఫోన్లోనే ఓడ ఒకటి ఖాయం చేసేశారు. సియాటెల్‌లో ఎక్కి అలాస్కా చూసి రావడం. పక్కపక్క గదులు. రెండు బాల్కనీలకీ మధ్య ఒక అడ్డు ఉంటుందట, అడిగితే తీసేస్తారట. "పొద్దున్నే లేచి ఆ అడ్డు తీయించేసి, నేనూ అక్కా టీ తాగుతూ కూర్చుంటాం. టిఫినేంటని ఎవరూ అడగరు," అంది మా ఆవిడ. మంచుకొండలూ తిమింగలాలూ దానికి వచ్చిన ఉచిత బహుమతులన్నట్టు మాట్లాడింది. ఆవిడకి కావలసింది ఆ అడ్డు తీసిన బాల్కనీ.

గొడవ మొదలైంది చర్చి వెనక భోజనాల లైన్లో.

"ఫ్లైట్లు బుక్ చేశావా?" అన్నాడు మా తోడల్లుడు, అంటే ఆ అక్కగారి భర్త. గోంగూర మటన్ ముందు గరిటె పట్టుకుని, వెనక ఉన్న జనాన్నంతా ఆపేసి మరీ అడిగాడు.

"చూస్తున్నానన్నయ్యా."

"చూడ్డానికేముందయ్యా? నేను డైరెక్ట్ ఫ్లైట్ కొట్టాను. ఒకరోజు ముందే దిగిపోతాం. సియాటెల్ పక్కనే బాతెల్‌లో మా పాత రూమ్మేట్ ఉన్నాడు, వాళ్ళింట్లో పడుకుని మర్నాడు తాపీగా ఓడ ఎక్కుతాం. నువ్వూ అదే కొట్టు. ఓడవాళ్ళే ఫ్లైట్ ప్యాకేజీ అని ఒకటి అంటగడతారు, దాని జోలికి పోకు. బుర్ర వాడ్డం ఇష్టంలేని వాళ్ళకోసం పెట్టారది."

తోడల్లుడంటే ఏమిటో తెలియని అదృష్టవంతులెవరైనా ఉంటే చెబుతాను. కూతుర్నిచ్చిన మామగారు ఆమెతోపాటు మనకి జీవితాంతం రాయమని ఇచ్చే పోటీ పరీక్ష అది. ఆయన ఇంటిమీద సోలార్ పలకలు పెట్టిస్తే నేను ఎండని ద్వేషించాను. ఆయన అన్నం మానేస్తే నేను రెండోసారి వడ్డించుకున్నాను. ఇప్పుడు ఆయన ప్యాకేజీ వద్దన్నాడు కదా, నా నోట్లోంచి నాకు తెలియకుండానే వచ్చేసింది:

"మేం ప్యాకేజీయే తీసుకున్నామన్నయ్యా. ఓడవాళ్ళ టికెట్ అయితే ఫ్లైట్ లేటయినా తలనొప్పి వాళ్ళది. మనం కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు."

నా వెనకే పెరుగుచట్నీ గిన్నెతో నిలబడ్డ మా ఆవిడ గరిటె వదిలేసింది. "ఎప్పుడు తీసుకున్నామండీ?"

"మొన్న," అన్నాను. ఇంటికెళ్ళి కారు దిగకముందే ఫోన్లో కొన్నాను.

కొన్న తర్వాత తెలిసింది, ఏ విమానమో వాళ్ళు అప్పుడే చెప్పరని. ప్రయాణం దగ్గర పడ్డాక "కేటాయిస్తారు". టెన్త్ ఫలితాలకి కూడా నేనంత ఎదురుచూడలేదు. వచ్చిన రోజు ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. మ్యాపులో సియాటెల్ మాకు వాయవ్య మూల. వీళ్ళు మమ్మల్ని ముందు తూర్పుగా షార్లెట్‌కి పంపారు. అక్కణ్ణుంచి వెనక్కి తిప్పి ఫీనిక్స్. అక్కడ ఇంకో విమానం మారితే సియాటెల్. షార్లెట్ నుంచి ఫీనిక్స్ వెళ్ళే దారి దాదాపు మా ఇంటి కప్పుమీదుగానే. కిందికి వంగి చూస్తే స్టవ్ కట్టేశామో లేదో కనబడుతుంది. దిగడమేమో ఓడ బయల్దేరే రోజే, మధ్యాహ్నం.

"బావకి ఫోన్ చేసి వాళ్ళ ఫ్లైట్లో సీట్లున్నాయేమో అడగనా?" అంది మా ఆవిడ, చాలా మెల్లగా.

"నా శవమ్మీద అడుగు," అన్నాను.

ఓడవాళ్ళకి ఫోన్ చేశాను. "విమానం విషయాలు ఎయిర్‌లైన్‌ని అడగండి సార్." ఎయిర్‌లైన్‌కి చేశాను. "టికెట్ కొన్నది వాళ్ళు, వాళ్ళనే అడగండి సార్." మధ్యలో సంగీతం. ఆ సంగీతం వింటూనే నేను గడ్డం గీసుకున్నాను, అది మళ్ళీ పెరిగింది. ఆఖరికి ఒకావిడ దయతలిచి, ఈ రకం టికెట్‌కి సీటు ఎంచుకునే హక్కు లేదని, వారానికి సరిపడా తీపి కలిపి చెప్పింది.

బయల్దేరే రోజు తెల్లవారుఝామున మొదటి విమానంలో మా ఆవిడకి ముందు ఎక్కడో సీటు, నాకు అట్టడుగు వరసలో, బాత్‌రూమ్ గోడకి వీపు ఆనించి, మధ్య సీటు. వెనక్కి వాలదు. ఎడమపక్క పెద్దమనిషి బెల్టు పెట్టుకోగానే బూట్లు విప్పాడు. సరే అనుకున్నాను. మేజోళ్ళు కూడా విప్పి, నా ముందున్న పత్రికల సంచిలో ఆరేశాడు. ఛీ, ఇప్పుడు రాస్తుంటే కూడా ముక్కు మూసుకుంటున్నాను. కుడిపక్కావిడ ఒక డబ్బా తీసి, ఉడికించిన గుడ్లు ఒక్కొక్కటే పెంకు ఒలుచుకుని తింటూ, పెంకులు మా ఇద్దరి మధ్యా ఉన్న ఆర్మ్‌రెస్ట్ మీద పోగేసింది. ఆ ఆర్మ్‌రెస్ట్ అంతకుముందు ఎవరో జామ్ రాసి పెట్టినట్టు జిగటగా ఉంది. నా మోచెయ్యి దానికి అతుక్కుంటే, గట్టిగా లాగితే వచ్చింది. వెనక ప్రతి రెండు నిమిషాలకీ ఫ్లష్ చప్పుడు, తలుపు తీసినప్పుడల్లా నా మెడమీదికి ఒక ఆవిరి. విమానం గాల్లోకి లేచాక కూడా నాకు భూమిమీద ఏదో మార్చురీలో కూర్చున్నట్టే ఉంది.

షార్లెట్‌లో రెండో విమానం కదల్లేదు. ఏదో లైటు వెలగడంలేదట. ఆకలికి ఒక శాండ్‌విచ్ కొన్నాను. లోపల ఆకు ఒకటి ఉంది, తడిసిన సోఫా గుడ్డలా. రెండో కొరుకుడికి అది సాగింది. చెత్తబుట్ట కూడా కాస్త వెనకాడినట్టనిపించింది.

ఓడవాళ్ళ సహాయం నంబరుకి చేశాను. "ఏం కంగారుపడకండి సార్. ఓడ తప్పిపోతే మిమ్మల్ని తర్వాతి రేవు దగ్గర ఎక్కిస్తాం," అంది అక్కడి గొంతు, అదో వరంలాగా.

"ఓడ మాకోసం ఆగదా?"

"లేదు సార్. ఆగుతుందని మేమెక్కడా రాయలేదే!"

ఇది విని మా ఆవిడ నా మొహంలోకి చూడలేదు. ఫోన్లోకి చూసింది. వాళ్ళక్క బాతెల్ నుంచి ఫొటో పంపింది: పెసరట్లు, పక్కన అల్లం చట్నీ, వెనకాల మా తోడల్లుడు కాలుమీద కాలు వేసుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వుతో ఒక పల్లెమొత్తానికి కరెంటివ్వొచ్చు.

"అక్క మొదటి రెండు రోజులూ ఒక్కతే కూర్చోవాలేమో," అంది మా ఆవిడ. తిట్టినా బాగుండేది.

లైటు వెలిగింది. ఫీనిక్స్‌లో పరిగెత్తాం. సియాటెల్‌లో దిగాం. రెండు పెట్టెల్లో ఒకటి రాలేదు, వచ్చింది నా చెప్పులున్నది. ఓడవాళ్ళ మనిషి బోర్డు పట్టుకుని మమ్మల్ని బస్సెక్కించి, ఇంకో విమానం వాళ్ళు రావాలని కూర్చోబెట్టాడు. బస్సులో ఎవరో ముందురోజు అరటిపండు మరిచిపోయిన వాసన. ఆ వాసనలో ఉడుకుతూ రేవు చేరాం. తలుపులింకా తెరిచే ఉన్నాయి! నేను ఛాతీ విరిచాను. ప్యాకేజీ గెలిచింది.

"అక్కా, వచ్చేశాం! మీరు ఏ అంతస్తులో ఉన్నారు?" అంది మా ఆవిడ ఫోన్లో.

వదిన గొంతు గుసగుసగా వచ్చింది. "ఇంకా బాతెల్‌లోనేనే. ఇంటావిడ భోంచెయ్యకుండా కదలనివ్వట్లేదు."

హోటల్లో దిగి ఉంటే ఈపాటికి ఓడలో ఉండేవాళ్ళు. కానీ తెలుగువాళ్ళ ఇల్లు ఆ చుట్టుపక్కల ఉండగా హోటల్లో దిగితే అది అవమానం, దిగాక భోజనం చెయ్యకపోతే అంతకన్నా పెద్ద అవమానం. టిఫినయ్యాక పెరట్లో ఆపిల్ చెట్టు చూపించారట. ఆపిల్ చెట్టయ్యాక బిర్యానీ దమ్ములో పెట్టారట. దమ్ము అయ్యేదాకా మా తోడల్లుడు ఈ దేశపు ఉద్యోగాలన్నిటి భవిష్యత్తూ చెప్పాడట. బిర్యానీ అయ్యాక, లేచేముందు ప్రార్థన. ఆ ఇంటి పెద్దాయన ఓడ కోసం, కెప్టెన్ కోసం, ఇంజన్‌లో ప్రతి బోల్టు కోసం, అలాస్కాలో ఉన్న ఎలుగుబంట్ల మనసు మార్పు కోసం ప్రార్థించాడు. ఫోన్ ఆపలేదు కాబట్టి మేమూ విన్నాం. "ఆమెన్" అన్నట్టే ఉండి మళ్ళీ "అలాగే తండ్రీ" అన్నాడు. తర్వాత కారెక్కారు. ఆపైన 405 హైవే మీద వాన, వానలో ట్రాఫిక్.

లైన్ ఖాళీ అయింది. కుర్చీలు మడుస్తున్నారు. తలుపు దగ్గర వాకీటాకీ పట్టుకున్న అమ్మాయి వచ్చి, "ఇక మూసేస్తున్నాం. ఎక్కుతారా, ఉండిపోతారా?" అంది.

నేను ఒక అడుగు ముందుకేశాను. "చూడమ్మా, మా వదిన రాకుండా మేం ఎక్కం. మీ మంచుకొండలు మీ దగ్గరే పెట్టుకోండి. అవతలి కుర్చీ ఖాళీగా ఉంటే ఆ బాల్కనీ మాకెందుకు?" అన్నాను. ఆ అమ్మాయి నన్ను కిందినుంచి పైదాకా చూసి, వాకీటాకీలో ఏదో చెప్పి, తలుపుకి చెయ్యి అడ్డంపెట్టి నిలబడింది.

అప్పుడు గాజు తలుపుల అవతల కనబడ్డాడు మా తోడల్లుడు. ఒకరోజు ముందే దిగిన మేధావి. చొక్కా బయటికొచ్చి, ఒక చెప్పు లేకుండా, రెండు చేతులమీదా బిర్యానీ నిండిన పెద్ద అల్యూమినియం ట్రే మోసుకుంటూ పరుగు. వెనకాల పెట్టెలు లాక్కుంటూ వదిన, "అది వదిలెయ్యండి అంటే వినరే!" అని అరుస్తోంది.

"ఆవిడ కట్టిచ్చిందే, ఎలా వదిలేస్తాం?" అంటున్నాడాయన, రొప్పుతూ.

ఇంట్లో వండింది ఓడలోకి రానివ్వరు. సెక్యూరిటీ ఆయన చెత్త డబ్బా చూపించాడు. ట్రే దగ్గర్నుంచి డబ్బా దాకా ఓ ఇరవై అడుగులుంటాయి. ఆ ఇరవై అడుగులూ నేను ట్రే పక్కనే నడుస్తూ చేత్తో తిన్నాను. టెక్సస్ తర్వాత నా కడుపులోకి వెళ్ళిన మొదటి మర్యాద అది. నా మీద నాకే అసహ్యం వేసింది, కానీ ముక్క మెత్తగా ఉడికింది.

"ఫ్లైట్లో భోజనం పెట్టలేదటయ్యా ప్యాకేజీలో?" అన్నాడు తోడల్లుడు.

"మీ రెండో చెప్పేదన్నయ్యా?" అన్నాను, నోట్లో ముద్దతో.

మర్నాడు పొద్దున లేచేసరికి బాల్కనీ మధ్య అడ్డు లేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని కుర్చీలు జరుపుకుని కూర్చున్నారు. మా ఆవిడ బట్టలున్న పెట్టె రాలేదు కదా, వాళ్ళక్క స్వెట్టర్ వేసుకుంది. బయట మంచుకొండ ఏదీ లేదు, ఒట్టి పొగమంచు. వాళ్ళు దాన్ని కూడా చూడట్లేదు. నేనూ తోడల్లుడూ చెరో తలుపు దగ్గరా నిలబడ్డాం, టిఫినేంటని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలక.

కల్పించింది ఏమిటో చెప్పాల్సిన బాకీ ఒకటుంది కదా. షార్లెట్ నిజం. మేజోళ్ళు నిజం, తడిసినవి కూడా. ఎలుగుబంట్ల కోసం ప్రార్థించిందీ నిజమే. కల్పించింది ఒక్కటే: తలుపు దగ్గర ఆ మాటలు నావి కావు. ముందుకి అడుగు వేసిందీ, వదిన రాకుండా ఎక్కనన్నదీ, కుర్చీ ఖాళీగా ఉంటే బాల్కనీ ఎందుకన్నదీ మా ఆవిడ. ఆ సమయంలో ఆ అమ్మాయిని నేను అడిగింది వేరు. లోపల బఫే ఎన్నింటిదాకా ఉంటుందని.