వెర్నెల్ చేతి మీది నంబరు

అమెరికాలో నోవై అనే ఊళ్లో బట్టలు సరిచేసే కొట్టు ఒకటుంది. బిగుతైన జాకెట్టుని ఒక్క పూటలో వదులు చేసిపెట్టే మనిషి అక్కడుందని తెలిశాక మన తెలుగు ఆడవాళ్లంతా అక్కడికే. ఆమె పేరు వెర్నెల్. అరవై రెండేళ్ల నల్లజాతి స్త్రీ, ఆరడుగుల ఎత్తు, బొంగురు గొంతు, పెదాలకి ఎర్రరంగు. పుట్టినప్పుడు మగపిల్లాడని రాసుకున్నారు. అది తప్పని ఆరేళ్లకే ఆమెకు తెలుసు. మనవాళ్లు వెనకాల ఏవేవో గుసగుసలాడతారు గాని, పండగ ముందు జాకెట్టు పట్టకపోతే ఆ గుసగుసలేవీ గుర్తుండవు.

"మీ టైలర్లు తెలివైనవాళ్లు. మనిషి లావెక్కుతుందని ముందే తెలిసి లోపల రెండంగుళాలు వదులుతారు," అంటుంది ఎప్పుడూ వచ్చే గీతాంజలితో, కుట్లు విప్పుతూ.

"నేను లావెక్కలేదు మిస్ వెర్నెల్, డ్రయర్‌లో ష్రింక్ అయిందంతే," అంటుంది గీతాంజలి. ఆ అబద్ధం ఇద్దరికీ ఇష్టమే.

కొట్టు మూశాక ఆమెకు ఇంకో పని ఉంది. అది గీతాంజలికి తెలియదు. అరగంట దూరంలోని ఊళ్లో పోలీసుల దెబ్బలకో తూటాలకో తనలాంటి వాళ్లు బలైనప్పుడల్లా జనం వీధిలోకొస్తారు. ఊరేగింపు కదిలేముందు వెర్నెల్ ఒక్కొక్కరి చేయి పట్టుకుని, చెరగని ఇంకుతో తన ఫోన్ నంబరు రాస్తుంది. పట్టుబడినవాళ్లు జైలు నుంచి చేసే ఫోన్ ఆమెకే వస్తుంది. ఆమె వెళ్లి జైలు ఎదుటి బెంచీ మీద రొట్టెలు, మేజోళ్లు పెట్టుకుని, ఆఖరి మనిషి బయటికొచ్చేదాకా కూర్చుంటుంది.

ఎందుకంటే ముప్ఫై ఏళ్ల కిందట ఆమెను మూడు రోజులు జైల్లో మగవాళ్ల గదిలో పెట్టి వదిలారు. గేటు బయట మంచు తప్ప ఎవరూ లేరు. కోటు లేకుండా నాలుగు మైళ్లు నడిచింది. ఆ నడక ఇంకెవరికీ రాకూడదని ఆమె పంతం.

ఈ అక్టోబర్‌లో టియానా అనే ట్రాన్స్ అమ్మాయిని పోలీసులు ట్రాఫిక్ స్టాప్‌లో, కారు ఆపి, కాల్చి చంపారు. చచ్చాక కూడా పుట్టినప్పటి పాత మగపేరుతోనే ప్రకటన ఇచ్చారు, ఆ పిల్లకి పేరు కూడా మిగల్చకుండా. ఆ ఊరేగింపుకి గీతాంజలి కూతురు నిధి వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల. తాను ఇష్టపడేది అమ్మాయిలనేనని వెర్నెల్‌కి తప్ప మరెవరికీ చెప్పుకోలేదు. ఏమైనా అయితే ఇంటికి ఫోన్ చేసే ధైర్యం లేదు.

"ఇంకో నంబర్ కూడా రాద్దామా, బ్యాకప్‌కి? మీరే అరెస్ట్ అయితే?" అంది చేయి చాస్తూ.

"ఇరవై ఏళ్లుగా ఇదే నంబరు. నేను ఫుట్‌పాత్ దిగను తల్లీ, రోడ్డు మీదికెళ్లినవాళ్లనే పట్టుకుంటారు," అంది వెర్నెల్. ఇంకు ఆడుతోందో లేదోనని ముందు తన చేతి మీద రాసుకుంది, ఎప్పటిలాగే.

సాయంత్రం నిధిని బోర్లా పడేసి చేతులు విరిచి కడుతుంటే, వెర్నెల్ కాళ్లు ఫుట్‌పాత్ దిగాయి. ముఖం నేలకానిన నిధి అది చూడలేదు.

జైల్లో వెర్నెల్‌ని పాత పేరుతో పిలిచారు. బూట్ల తాళ్లు ఊడదీసుకున్నారు. "నీ మంచికే" అని ఒంటరి గదిలో వేశారు. ఒక్క ఫోన్ చేసుకోనిచ్చారు. ఎవరికి చేయాలి? ఆలోచించింది. ఒక్క పేరు కూడా తట్టలేదు. అప్పుడు చేతి మీది నంబరు చూసి నొక్కింది.

అదే భవనంలో ఎక్కడో ప్లాస్టిక్ సంచిలో ఆమె ఫోన్ మోగి మోగి ఆగింది. తర్వాత వాయిస్‌మెయిల్‌లో తన గొంతే వినబడింది: "భయపడకు తల్లీ. నేను బయటే ఉన్నాను."

వెర్నెల్ గోడకి ఒరిగి ఏడ్చింది. పరాయివాళ్ల జాకెట్లలో రెండంగుళాలు వెతికే మనిషి, తనకోసం అరంగుళమైనా మిగుల్చుకోలేదు.

మర్నాడు పదింటికి వదిలారు. ఎదుటి బెంచీ ఖాళీగా ఉంది. ఎవరో ఒకరు ఉంటారని తాను ఆశపడినట్టు ఆ ఖాళీ చూశాకే తెలిసింది. ఫోన్‌లో తొమ్మిది మిస్డ్ కాల్స్. ఎనిమిది, లోపలున్న పిల్లలవి. ఒకటి తనది. ఇంటికి పోయి దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపించింది. అయినా వెళ్లి ఆ బెంచీ మీదే కూర్చుంది. సంకెళ్లకి తిమ్మిరెక్కిన వేళ్లు, సూదిలో దారం ఎక్కించే ఆ వేళ్లు, తిరిగిచ్చిన బూటు తాడుని కన్నంలో దూర్చలేకపోయాయి. తాళ్లు జేబులో కుక్కుకుంది.

పదకొండింటికి నిధి బయటికొచ్చి, పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది.

"మీరు ఫోన్ లిఫ్ట్ చేయలేదు. కానీ మెసేజ్ విన్నాను. బయట మీరున్నారని తెలిసి నిద్రపోయాను."

వెర్నెల్ జరిగి చోటిచ్చింది. నిధి ఆమె పక్కన కూర్చుని తన బూట్ల తాళ్లు కట్టుకుంటూ, పక్కనున్న పెద్ద బూట్లని చూసింది. వాటికీ తాళ్లు ఊడదీసి ఉన్నాయి. వాటి కొసలు వెర్నెల్ జేబులోంచి వేలాడుతున్నాయి.

"మీకోసం ఎవరొచ్చారు?"

"లోపల ఇంకా ఏడుగురున్నారు," అంది వెర్నెల్, గేటు వైపు చూస్తూ.

నిధి బెంచీ దిగి ఆ పెద్ద బూట్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తాళ్లకోసం చేయి చాచింది.