కోపం మీద ప్రాజెక్టు, మంచం మీద తువ్వాలు

ఆ రోజుల్లో నాకు కోపం ఎక్కువ. ('ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే వయసు నీకింకా రాలేదని మా అమ్మ అంటుంది. నిజమే, మహా అయితే ఆరేళ్ల కిందటి మాట. కానీ ఈ ఆరేళ్లలో మా ఎల్బీనగర్ కూడలి ఎన్ని రూపాలు మార్చిందో చూసినవాళ్లెవరూ దాన్ని కొద్దికాలం అనరు.) ఇప్పుడూ తక్కువేం కాదు గానీ, ఇతరుల కోపం తగ్గించే ఉద్యోగం చేస్తున్నాను కనక నాది బయటికి కనబడనివ్వకూడదు. ఈ భూమ్మీద ప్రతి మనిషికీ క్షమించలేనిది ఒకటుంటుంది. నాకది గ్రూప్ ప్రాజెక్టు. ముగ్గురు కలిసి చేసే పనిలో ఒకరు చేస్తారు, ఒకరు చేసినట్టు కనబడతారు, ఒకరు చేశామని నిజంగానే నమ్ముతారు. నేను మొదటి రకమని నాకు అప్పట్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎలా ఊడిపోయిందో చెప్పడానికే ఇదంతా.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ మధ్య ఇరుక్కున్న ఓ కాలేజీలో బీఏ సైకాలజీ చదివేవాణ్ణి. మా నాన్న హయత్‌నగర్ డిపోలో కండక్టరు. నేను సైకాలజీ అన్న రోజే, "ఏందిరా అది? పిచ్చోళ్ల దవాఖాననా?" అన్నాడు. మనసు గురించి చదవడం నాన్నా అంటే, "మనసు గురించి చదువుడేంది? నాలుగు రోజులు బస్సుల నిలబడు, అందరి మనసులు తెలుస్తయ్," అన్నాడు. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులో నూటికి అరవై వస్తే ఎమ్మే చదివిస్తాడు. రాకపోతే చంపాపేట్‌లో మా మేనమామ టైల్స్ దుకాణంలో కూర్చోవాలి. మామ అప్పటికే నాకోసం ఓ స్టూలు తెచ్చి దుకాణంలో వేయించాడు. ఆశావాది.

మా జట్టులో ముగ్గురం. మొదటిది మేమంతా అక్క అని పిలిచే ఆమె. పెళ్లయి, పాప పుట్టి, పాప బడికెళ్లాక మళ్లీ కాలేజీలో చేరిన మనిషి. మాట తక్కువ, లెక్క ఎక్కువ. రెండోవాడు కెప్టెన్. ఎవరూ ఎన్నుకోలేదు, వాట్సాప్ గ్రూపు తెరిచినవాడే నాయకుడనే సిద్ధాంతం మీద అయ్యాడు. వాళ్ల నాన్న గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. ఆ ఇంట్లో పుట్టి లెక్క చేయకపోవడమనే విద్యలో వీడు ఆరితేరాడు. రోజూ పొద్దున్నే గ్రూపులో ఉదయించే సూర్యుడి బొమ్మ పెట్టేవాడు. దాని కింద 'కలిసి పనిచేద్దాం' అని ఉండేది. ఆ మాట చదివిన ప్రతిసారీ నా పళ్లు వాటంతటవే నూరుకునేవి.

విషయం కూడా నేనే ఎంచుకున్నాను (తెలివైనవాళ్లు గోతిని తామే కొలిచి తవ్వుకుంటారు). 'బస్సు ప్రయాణికుల్లో కోపం: కారణాలు, నియంత్రణ'. ప్రశ్నల ఫారం ఒకటి తయారుచేశాం. అందులో పది వాక్యాలు, ఒక్కోదాని ఎదురుగా అస్సలు కాదు, కొంచెం, పూర్తిగా నిజం అని గళ్లు. చివర్లో సొంతమాటల్లో రాయాల్సిన ప్రశ్న ఒక్కటి: 'మీకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది ఏది?' ఎల్బీనగర్ బస్టాపులో యాభై ఫారాలు నేను నింపించాలి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో యాభై కెప్టెన్ నింపించాలి. లెక్కలు, రిపోర్టు అక్క. స్క్రీను మీద చూపించే స్లైడ్లు కెప్టెన్. నాయకత్వం, అదనంగా, కెప్టెనే.

ఏప్రిల్ ఎండలో విజయవాడ రోడ్డు వైపు బస్టాపులో నేను వారం రోజులు నిలబడ్డాను. బస్సు కోసం ముప్పావుగంట ఎదురుచూసిన మనిషి దగ్గరికి వెళ్లి "మీకు కోపం వస్తుందాండి?" అని అడగడం ఎలాంటి పనో చేస్తేనే తెలుస్తుంది. అబ్దుల్లాపూర్‌మెట్ పోయే ఒక పెద్దాయన ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవలు పంపిన్రు నిన్ను?" అన్నాడు. కాలేజీ అన్నాను. "కోపమొస్తదా అని అడగనీకె కాలేజీ పెట్టిన్రా?" అని పక్కాయనకు చూపించాడు. ఇద్దరూ నవ్వారు. బస్సు వచ్చింది. నా పెన్నుతో సహా వెళ్లిపోయారు. అయినా యాభై పూర్తిచేశాను. ఆఖరి ప్రశ్నకు వచ్చిన జవాబుల్ని మాత్రం అక్కడక్కడ సవరించాను. (సవరణ అన్న మాట నాది. తరవాత క్లాసులో అందరూ వేరే మాట వాడారు.)

ఇటు కెప్టెన్ నుంచి ఒక్క ఫారం రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లమ్మగారు ఎత్తారు. "వాడు ఫీల్డ్ వర్కులో ఉన్నాడు నాయనా. లేపమంటావా?" అన్నారు. వద్దులెండి ఆంటీ అని పెట్టేయబోతుంటే, "మీ ఫారాలు భలే ఉన్నాయి నాయనా. మనకి దేని మీద కోపం వస్తుందో అడిగేవాళ్లే లేరు ఈ కాలంలో," అన్నారు. నాకప్పుడే వెలగాల్సింది. వెలగలేదు. కోపంలో ఉన్నవాడికి చెవులు పనిచేయవని మా పుస్తకంలోనే ఉంది. ఆ పాఠం పరీక్షకు రాదని వదిలేశాను.

ప్రెజెంటేషన్ రోజు పొద్దున, గంటముందు, కాలేజీ మెట్ల మీద కెప్టెన్ యాభై ఫారాల కట్ట అక్క ఒళ్లో పడేసి, "ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు," అన్నాడు. (ఈ మాట అక్షరాలా నిజం. ఇంకెవరికీ తెలిసే వీల్లేదు.) అక్క గబగబా లెక్కపెడుతూ మధ్యలో ఆగింది.

"ఏంది తమ్మీ ఇది? దిల్‌సుఖ్‌నగర్‌ల అందరికీ తడి తువ్వాల మీదనే కోపమా?"

చూస్తే నిజమే. యాభైలో నలభై దాకా ఫారాల్లో అదే జవాబు: తడి తువ్వాలు మంచం మీద వేయడం. కెప్టెన్ క్షణం కూడా తడబడలేదు.

"అదే మన ఫైండింగ్ అక్కా! దిల్‌సుఖ్‌నగర్ అంటే ఏంటి? హాస్టళ్లు. ఒక్కో గదిలో ఆరుగురు, మూడు మంచాలు, ఆరు తువ్వాళ్లు. డేటా మాట్లాడుతుంది, మనం వినాలంతే."

నాకు ఒళ్లు మండింది. ఇంకా మండే సంగతేమిటంటే, ఆ సిద్ధాంతం నాకు నచ్చింది. అక్క మాత్రం ఫారాలకేసి ఇంకోసారి చూసి, "నాకేమో మంచిగ అనిపిస్తలేదు," అంది. ఆమె మాట ఎవరు విన్నారు కనక! గంట మోగింది.

కెప్టెన్ మొదలుపెట్టాడు. మొదటి స్లైడు నిండా మంటలు. రెండో స్లైడులో మా ముగ్గురి పేర్లు, వాడిది పెద్దక్షరాల్లో. నా వారం రోజుల ఎండను "మా టీమ్ సభ్యుడొకరు కొంత సహకరించారు" అని ఒక్క ముక్కలో ముగించాడు. చేతిలో ఉన్న నా ఫారాల కట్టను నేను నలుపుతూనే ఉన్నాను. ఎల్బీనగర్ ప్రజలకు ట్రాఫిక్ మీద కోపం, దిల్‌సుఖ్‌నగర్ ప్రజలకు తడి తువ్వాలు మీద కోపం, ఇది ప్రాంతీయ భేదం అని వాడు ప్రకటించాడు. వెనక బెంచీల్లో చప్పట్లు కూడా పడ్డాయి. అప్పుడు మార్కులు వేసే మా మేడమ్ (గొంతు ఎప్పుడూ పెంచని మనిషి, అందుకే అందరికీ భయం) చెయ్యి చాచి కెప్టెన్ కట్టలోంచి ఒక ఫారం తీసుకుని పైకి చదివారు.

"వయసు ఇరవై రెండు. పురుషుడు. ఆటో డ్రైవరు. ఎక్కువ కోపం తెప్పించేది: పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా తడి తువ్వాలు మంచం మీదే వేయడం."

మేడమ్ ఇంకోటి తీశారు.

"వయసు పందొమ్మిది. పురుషుడు. ఇంటర్ విద్యార్థి. ఎక్కువ కోపం తెప్పించేది: మా ఆడపడుచు పండక్కొచ్చి నా పులుసుకి వంకలు పెట్టడం." కళ్లద్దాలు తీసి కెప్టెన్ వైపు చూశారు. "ఈ అబ్బాయికి ఆడపడుచు ఎలా వచ్చింది?"

కెప్టెన్ ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను కూడా ఏం చెప్పలేదు. "మా అమ్మ చేతిరాత బాగుంటుంది మేడమ్," అన్నాడు చివరికి.

ఇక్కడ నాలో ఏదో తెగింది. నా కళ్లముందు టైల్స్ దుకాణం, అందులో స్టూలు, పక్కనే నవ్వుతూ మామ. లేచి నిలబడ్డాను. కోపాన్ని అదుపుచేసుకునే ఐదు మార్గాలున్న స్లైడు నా ముఖం మీద పడుతుండగా, 'పది అంకెలు లెక్కపెట్టండి' అన్న వాక్యం సరిగ్గా నా నుదుటి మీద వెలుగుతుండగా (తరవాత ఫొటో చూపించారు), నేను అరవడం మొదలుపెట్టాను.

"ఎండల నిలబడ్డది నేను మేడమ్! తిట్లు తిన్నది నేను! పెన్నులు పోయింది నావి! వీడు ఇంట్ల పండుకొని అమ్మతోని ఫారాలు నింపిచ్చిండు! కెప్టెనంట కెప్టెన్! పొద్దుగాల సూర్యుని బొమ్మ పెట్టుడు తప్ప ఏం చేసిండు వీడు? నాకు అరవై రాకుంటే నా బతుకు టైల్స్ పాలు! ఇగో, చూడుండ్రి, ఒక్కొక్కటి నిజమైన ఫారం!"

అని నా కట్టను బల్ల మీద దబ్బున కొట్టాను. కొట్టకుండా ఉండాల్సింది. పైనున్న ఫారం మీంచి తెల్లటి పెచ్చు ఒకటి లేచి మేడమ్ చీర మీద వాలింది. అది వైట్‌నర్. మేడమ్ దాన్ని చూశారు, నన్ను చూశారు, ఫారం దగ్గరికి తీసుకుని 'ట్రాఫిక్' అని నేను రాసినచోట గోటితో మెల్లగా గీకారు. గీకితే బహుమతి తగిలే కార్డులాగా కింద అక్షరాలు బయటపడ్డాయి. మేడమ్ అదే గొంతుతో చదివారు.

"గిట్ల కాయితాలు పట్టుకొని పానం తినెటోళ్లు."

ఇంకోటి గీకారు. "బస్సు రాంగనే ఎదురొచ్చి ఆపేటోడు." మూడోది. "గీ పిలగాడు."

అదీ నా సవరణ. ఎల్బీనగర్ ప్రయాణికుల్లో సగానికి పైగా తమకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది నేనేనని రాశారు. వాళ్ల అసలు కోపం ట్రాఫిక్ మీదే ఉంటుంది, తీర్చుకున్నది నా మీద అని నాకు నేను నచ్చజెప్పుకుని, రెండు సీసాల వైట్‌నర్ ఖర్చుచేసి, ప్రజాభిప్రాయాన్ని సరిదిద్దాను. ఆంటీ కనీసం తన సొంత కోపం రాశారు. నేను పరాయివాళ్ల కోపాన్ని చెరిపేశాను. ఇద్దరిలో పెద్ద దొంగ ఎవరో తెలియడానికి లెక్కల మాస్టారి కొడుకై ఉండనక్కరలేదు.

కూర్చున్నాను. కెప్టెన్ నా వైపు వంగి, "బ్రో, 'కొంత సహకరించారు' అని నేను మంచిగానే చెప్పానుగా," అన్నాడు. వాణ్ణి ఏమీ అనలేకపోవడం ఆ రోజుకి నాకు పడిన అసలు శిక్ష.

మేడమ్ అరవలేదు. వారం గడువిచ్చి, జరిగింది జరిగినట్టు రిపోర్టు మళ్లీ రాసుకురమ్మన్నారు. ఆంటీ ఫారాల్ని మాత్రం విడిగా పెట్టి, "ఇవి ప్రాజెక్టుకి పనికిరావు. మీ నాన్నగారికి పనికొస్తాయి, తీసుకెళ్లి చూపించు," అని కెప్టెన్‌కి ఇచ్చారు. రిపోర్టు అక్క రాసింది. 'మా తప్పులు' అని ఒక అధ్యాయం పెట్టి, నా వైట్‌నర్‌కి రెండు పేజీలు కేటాయించింది. నేను మూతి ముడిస్తే, "మంచిగున్నదాన్ని ఎందుకు తీస్తం తమ్మీ? మన ప్రాజెక్టుల నిజమున్నది గా రెండు పేజీలల్లనే," అంది. ఆమెకు ఎనభై నాలుగొచ్చాయి. కెప్టెన్‌కి నలభై. నాకు యాభై ఎనిమిది.

నాన్న మార్కుల కాగితం చూసి, "రెండే తక్కువైనయ్ గదరా," అన్నాడు. కరిగాడేమో అనుకున్నాను. "సరె, స్టూలు ఎట్లనో ఉన్నది గద," అన్నాడు.

పదకొండు నెలలు టైల్స్ అమ్మాను. బాత్రూం గోడకు రంగు ఎంచుకునేటప్పుడు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునే తీరు ఏ పుస్తకంలోనూ లేదు. ఇరవై ఏళ్లుగా కడుపులో దాచుకున్నదంతా లేత నీలం పలక ముందు బయటపడుతుంది. నేను నోరు మూసుకుని వినడం నేర్చుకున్నది అక్కడే. ఏడాది తిరిగేసరికి మామే నాన్నతో చెప్పాడు, "బావా, వీడు టైల్స్ అమ్ముతలేడు, పంచాయితీలు తెంపుతున్నడు. చదువుకు పంపు" అని. అలా ఎమ్మే అయింది. ఇప్పుడు ఓ దవాఖానలో కౌన్సిలర్ని. కెప్టెన్ ఎక్కడో టీమ్ లీడర్. (ఇంకేమవుతాడు?) మొన్న ఫోన్ చేసి, "మా నాన్న ఇప్పటికీ తువ్వాలు తీగ మీదే వేస్తున్నాడు బ్రో. మన ప్రాజెక్టు వల్ల సమాజంలో మార్పొచ్చింది," అన్నాడు. 'మన' అన్న మాటకు నా పళ్లు పాత అలవాటు కొద్దీ నూరుకున్నాయి.

పోయిన నెల సాయంత్రం ఎల్బీనగర్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ముప్పావుగంటయింది. అప్పుడే హయత్‌నగర్ బస్సు మలుపు తిరిగింది. సరిగ్గా అప్పుడే ఒకమ్మాయి ఫోన్ పట్టుకుని ఎదురొచ్చి, "అన్నా, ఒక్క నిమిషం. కాలేజీ సర్వే. మీకు దేని మీద ఎక్కువ కోపమొస్తది?" అంది.

"బస్సొచ్చినంక అడ్డమొచ్చి ఇసొంటియి అడిగెటోళ్ల మీద," అన్నాను. ఎంత నిజాయితీగా అన్నానో! ఆమె ముఖం మారలేదు. ఫోన్‌లో చకచకా ఏదో కొట్టింది. తొంగి చూశాను. ట్రాఫిక్.

ఈ కాలానికి వైట్‌నర్ కూడా అక్కర్లేదు.

"చూడమ్మా, ఒక్క మాట చెప్త," అన్నాను, పెద్దరికమంతా గొంతులోకి తెచ్చుకుని. "మీ టీమ్‌ల కెప్టెన్ ఎవలో గని, ఆయన తెచ్చిన ఫారాలు జర చదువుకొని స్టేజీ ఎక్కుండ్రి."

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. "కెప్టెన్ నేనే అన్నా."

బస్సు పోయింది. నేను ఒక్కణ్ణే నిలబడి ఎందుకు నవ్వుతున్నానో ఆమెకు అర్థం కాలేదు. కాసేపు అనుమానంగా చూసి, ఫోన్‌లో ఇంకో గడిలో టిక్కు పెట్టుకుని, పక్కాయన దగ్గరికి వెళ్లింది.