కృపావతి బోర్డు మీద నల్ల మేక

కృపావతితో పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను. నా తల నెరిసింది వయసు వల్ల కాదు, ఆమె వల్ల. ఈ మాట ఆమె ముందే చాలాసార్లు అన్నాను. "నేను సంఘంలో చేరేనాటికే నీ తల తెల్లగుండె కదన్నా" అంటుంది. దేనికైనా ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. అదే నా బాధ.

ముందు సంఘం సంగతి చెప్పాలి. ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో ఉంది మా జీవాల సంఘం. మేకలూ గొర్రెలూ మేపుకుని బతికేవాళ్లది. పెట్టింది నేను, బాలస్వామిని. మా ఊరి బడిలో ఏడో తరగతితో నా చదువు సరి. ఆ చదువుతోనే పదకొండు మందిని పోగుచేసి సంఘం రిజిస్టరు చేయించాను. కర్నూలు మాకు జిల్లా కేంద్రంగా ఉన్న రోజుల్లో బస్సెక్కి ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ చెప్పులు అరగదీశాను. నంద్యాల జిల్లా అయ్యాక దూరం తగ్గింది గానీ తిరుగుడు తగ్గలేదు. కరువు ఏడాది గడ్డి తెప్పించాను. సంతలో జీవాలకు నీళ్లతొట్టి కట్టించాను. పారుడు రోగం వచ్చి మేకలు గుంపులుగా చస్తుంటే, సైకిల్ మీద పల్లెపల్లెకూ పోయి ఏ దొడ్డిలో ఎన్ని పోయాయో రాసుకొచ్చి అధికారుల ముందు పెట్టింది కూడా నేనే. గొప్పకు చెప్పుకోవడం కాదు. జరిగినవే చెబుతున్నాను.

కృపావతి ఈ సంఘానికి పోట్లాడడానికి వచ్చింది. వాళ్లది సంజామల దగ్గర వంకమీదిపల్లె. తండ్రి పౌలుకు సొంత మేక ఒక్కటీ లేదు. రైతుల మేకలను పాలుకు మేపేవాడు. మేక రైతుది, మేపు ఇతనిది, పుట్టిన పిల్లల్లో చెరి సగం. పిల్ల చచ్చిందంటే మాత్రం తగువే. చచ్చినదాన్ని రైతుకు చూపించాలి. చూపించకపోతే, సంతలో అమ్ముకుని చచ్చిందని చెబుతున్నాడంటారు. చిన్నప్పుడు కృపావతి పని అదే. చచ్చిన పిల్లను గోనెసంచిలో వేసుకుని, రైతు ఇంటి అరుగు ముందు నిలబడి, "మా నాయన పంపినాడు, చూసుకోండి" అని సంచి విప్పేది. ఈ సంగతి ఆమె నాకు చాలా ఏళ్ల కిందటే చెప్పింది. అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

తరవాత నంద్యాలలో హాస్టల్లో ఉండి పదో తరగతి చదివింది. ఇళ్లు కట్టే బేల్దారి పని చేసే డేవిడ్‌ను చేసుకుని ఆళ్లగడ్డ చేరింది. ఇక్కడి చర్చిలో ఇరవై ఏళ్లుగా ఆదివారం బడి నడుపుతోంది. ఆ బడిలో ఒక బోర్డు ఉంటుంది. చెక్కకు ఉన్నిగుడ్డ బిగించి, బొమ్మల వెనక గరుకు గుడ్డ అతికిస్తే, జిగురు లేకుండానే బొమ్మ పట్టుకుని నిలుస్తుంది. కథ సాగేకొద్దీ ఒక బొమ్మ పెడుతూ, ఒక బొమ్మ తీస్తూ పిల్లలకు చెప్పడం. ఆ విద్యలో ఆమెను మించినవాళ్లు లేరని డేవిడ్ చెబుతాడు. అతను చెప్పక తప్పదు.

పదిహేనేళ్ల కిందట ఒకనాడు ఆఫీసు గడపలో నిలబడి, "మా అమ్మ మేపే మేకలకు సూది వేస్తామని చెప్పి మీ మనిషి రాల్యా. ఇదేం సంఘమప్పా మీది?" అని అరిచింది.

"అంత తెలిసినదానివైతే నువ్వే చెయ్" అన్నాను.

నోరు జారాను. మరుసటి రోజు పొద్దున్నే వచ్చి కుర్చీలో కూర్చుంది. ఈనాటిదాకా లేవలేదు.

అసలు సంగతికి వస్తాను. మూడేళ్ల కిందట హైదరాబాదు కంపెనీ ఒకటి మా సంఘానికి ఒక బండి ఇచ్చింది. టీకా మందు ఐసు పెట్టెలో పెట్టుకుని, సూది వేసే మనిషితో సంజామల, మిడుతూరు వైపు పల్లెలకు తిరిగే బండి. మూడేళ్ల గడువు ముగిసింది. ఉంచాలా, ఇంకో జిల్లాకు పంపాలా అన్నది తేల్చడానికి ఇద్దరు వస్తున్నారని ఫోన్ వచ్చింది. బండి పోతే ఆ పల్లెలకు వానాకాలంలో మందు తీసుకుపోయే నాథుడు లేడు. మళ్లీ నేను సైకిల్ తీసి చచ్చిన మేకలను లెక్కపెట్టుకోవాలి.

ఫోన్ చేసిన అమ్మాయి మైథిలి. "సార్, లావుపాటి రిపోర్టు వద్దు. మీ పని వల్ల ఏం మారిందో లెక్కలతోనే కథలాగా చెప్పండి. మా పెద్దవాళ్లకు డేటా స్టోరీ కావాలి" అంది.

లెక్క లెక్కే, కథ కథే. రెంటినీ కలిపి చెప్పేవాణ్ణి మా పల్లెల్లో ఏమంటారో ఆ అమ్మాయికి తెలియదు. అయినా సరేనని నాలుగు రోజులు కూర్చుని పద్నాలుగు పేజీలు రాశాను. మొదటి మీటింగు నుంచి కలెక్టరు చేతుల మీద అందుకున్న ప్రశంసాపత్రం దాకా ఒక్కటీ వదలలేదు. కృపావతికి ఇచ్చాను. నిలబడే చదివింది. చివరి పేజీ తిప్పి, ఇంకేమన్నా ఉందేమోనని వెనక కూడా చూసింది.

"బాగుందన్నా. ఇందులో మేక యాడుంది?"

"ఏందీ?"

"మీటింగులుండాయి, శాలువాలుండాయి, ఫొటోలుండాయి. వాళ్లు బండి ఇచ్చింది మేకలకు కదా."

నాకు ఒళ్లు మండింది. "మేకలు ఊరికే బతికినాయా? ఈ మనిషి తిరగకపోతే బతికేవా?"

"ఆ మాటే చెప్దాం. మేకను చూపించి చెప్దాం."

రెండు రోజుల్లో చర్చి నుంచి ఆ బోర్డు మోసుకొచ్చింది. ఉన్నిగుడ్డ మీద రెండు వరుసల మేకలు. ఒక్కో బొమ్మ నూరు మేకలకు గుర్తు. బండి తిరిగే పల్లెల్లో రెండు వేల మేకలు, కాబట్టి వరుసకు ఇరవై. పై వరుస బండి రాక మునుపటి వానాకాలం. అందులో ఆరు నల్ల మేకలు, అంటే ఆరు వందలు చచ్చాయన్నమాట. ఆ లెక్క నేను సైకిల్ మీద తిరిగి రాసుకొచ్చిందే. కింది వరుస మొన్నటి వానాకాలం. అందులో పంతొమ్మిది తెల్లవి, ఒకటి నల్లది. చూడగానే తెలిసిపోతుంది, ఒప్పుకుంటాను. పద్నాలుగు పేజీల్లో నేను చెప్పినదాంట్లో కొంత ఆ రెండు వరుసల్లో ఉంది. కొంత మాత్రమే.

అయితే పక్కన రైతుల బొమ్మలు కూడా నిలబెట్టింది. అందరికీ పొడుగు అంగీలు, నెత్తిన గుడ్డలు, గడ్డాలు, చేతిలో వంకర కర్రలు.

"వీళ్లెవరమ్మా?"

"మన సంజామల రైతులు. కొత్తవి కత్తిరించే టైము ల్యా. ఆదివారం బడి బైబిలు కథల్లోని కాపర్లనే పెట్టినా."

"మన సంజామలలో ఇట్లాంటి గడ్డం ఎవరికుందమ్మా?"

"వాళ్లు గడ్డాలు చూడను వస్తాండారా, మేకలు చూడను వస్తాండారా?"

పోట్లాడి గడ్డాలవాళ్లను తీయించాను. తరవాత అసలు తగువు మొదలైంది. కింది వరుసలోని నల్ల మేక.

అది వంకమీదిపల్లె సంగతి. మొన్నటి వానాకాలంలో మా బండి ఆ పల్లె దారిలో వంక పొంగి సగం రోజు ఇరుక్కుపోయింది. పెట్టెలో ఐసు కరిగి మందు వెచ్చబడింది. అది చెడిపోయిందని ఎవరికీ తట్టలేదు. అదే వేసి వచ్చారు. నెల తిరగకుండానే రోగం వచ్చింది. ఆ ఒక్క పల్లెలోనే నూరు మేకలు పోయాయి. ప్రమీల అనే ఆమె దొడ్డి మొత్తం ఖాళీ అయింది.

"దాన్ని తియ్యి" అన్నాను.

"అది ప్రమీల వాళ్లదన్నా."

"ఎవరిదైతే ఏం? బండి ఉండాలా పోవాలా అని తేల్చను వస్తాండారు వాళ్లు. మనమే సూదేసి చంపుకున్నామని చెప్పుకుంటామా?"

"సూది వల్ల చావల్యా. చెడిపోయిన సూది కాపాడల్యా. చచ్చినదాన్ని చూపిస్తేనే బతికినవాటి లెక్క నమ్ముతారన్నా. మా నాయన..."

"మీ నాయన సంగతి నాకు తెలుసు. అధ్యక్షుణ్ణి చెప్తాండా, తియ్యి."

తీసింది. మారుమాట లేకుండా తీసి సంచిలో వేసుకుంది. కృపావతి మారుమాట లేకుండా ఒక పని చేసిందంటే భయపడాలని పదిహేనేళ్లలో నేర్చుకోలేదు నేను.

చెప్పిన రోజుకు కంపెనీవాళ్లు ఇద్దరూ వచ్చారు. మైథిలి, ఆమె పై అధికారి దేవనాథ్. నంద్యాలలో టిఫిన్ దగ్గర ఆలస్యమైందట, వస్తూనే గడియారం చూసుకున్నాడాయన. నేను మొదలుపెట్టాను. మూడో పేజీలో నీళ్లతొట్టి దగ్గరికి వచ్చేసరికి మైథిలి మెల్లగా, "సార్, ఆ బోర్డు ఏమిటి?" అంది. అంతే. నా పేజీలు అక్కడే ఆగిపోయాయి. కరువు ఏడాది గడ్డి సంగతి వాళ్లకు ఈనాటికీ తెలియదు.

కృపావతి బోర్డు దగ్గర నిలబడి పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. పై వరుసను చూపించి, "ఇవి బండి రాక ముందు. ఈ ఆరింటి లెక్క మా అధ్యక్షులు పల్లెపల్లెకూ తిరిగి తెచ్చింది" అంది. అది మాత్రం చెప్పింది, కాదనను. కింది వరుసకు వచ్చింది. పంతొమ్మిది తెల్ల మేకలు. చివర ఒక మేక పట్టేంత ఖాళీ. జరిపి సర్దలేదు మహాతల్లి. ఖాళీని ఖాళీగానే ఉంచింది.

"ఇక్కడ ఒక బొమ్మ ఊడిపోయినట్టుందండీ" అంది మైథిలి.

కృపావతి నా వైపు తిరిగింది. "అది మా అధ్యక్షులను అడగండి మేడమ్."

ఎన్నో సభల్లో మాట్లాడాను. మంత్రుల ముందు కాగితం లేకుండా మాట్లాడాను. ఆ రోజు మాత్రం చేతిలోని పద్నాలుగు పేజీలూ తిరగేశాను, పనికొచ్చే మాట ఒక్కటీ కనపడలేదు. అబద్ధం చెబితే బండి నిలుస్తుందేమో. కానీ వెనక బల్ల మీద ప్రమీల కూర్చుని ఉంది. కృపావతి ఎప్పుడు పిలిపించిందో ఏమో. ఆమె నన్నే చూస్తోంది.

"పెట్టమ్మా" అన్నాను విసుగ్గా.

కృపావతి సంచిలోంచి నల్ల మేకను తీసి ప్రమీల చేతికిచ్చింది. ప్రమీల వచ్చి ఖాళీలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. వంక, ఐసు, వెచ్చబడిన మందు, ఖాళీ దొడ్డి.

దేవనాథ్ ప్రమీల వైపు వంగాడు. "మీ పల్లెలోనే ఇలా జరిగిందంటే, మిగతా పంతొమ్మిది నిజమని నేనెట్లా నమ్మాలమ్మా?"

"అవి ఆడనే మేస్తాండాయి సార్. పోయి చూడు. బతికినవి దాక్కోవు. చచ్చినదాన్ని చూపించినోళ్లు బతికినవాటి మీద అబద్ధమాడతారా?"

"మీ మేకలన్నీ పోయాయి. మీకు ఈ బండి మీద కోపం లేదా?"

"ఉంది. బండి పోతే నా మేకలు తిరిగొస్తాయా? ఇది రాకపోతే మా పల్లెకు ఇంకెవరొస్తారు? బండి మార్చద్దు, పెట్టె మార్చండి."

ఆ మాట నా పద్నాలుగు పేజీల్లో లేదు. బండి బ్యాటరీతో నడిచే చల్లపెట్టె కావాలని అడగాలన్న సంగతే నాకు తట్టలేదు. అన్నీ బాగున్నాయని చెప్పేవాడికి, ఏం కావాలో అడిగే చోటు ఎక్కడుంటుంది? ఈ ముక్క కృపావతి ముందు అనలేదు, అనబోను.

అప్పటికప్పుడు వాళ్లను వంకమీదిపల్లెకు, పక్క పల్లెలకు తీసుకుపోయాం. దేవనాథ్ గడియారం చూడడం మానేశాడు. పది రోజులకు మైథిలి ఫోన్ చేసింది. బండి ఉంటుంది, కొత్త పెట్టె వస్తుంది. "ఆ బోర్డు ఫొటో ఒకటి పంపండి సార్, మా మీటింగులో చూపించాలి" అంది. ప్రశంసాపత్రం ఫొటో కూడా పంపమంటావా అని అడిగాను. వినపడలేదో ఏమో, ఫోన్ పెట్టేసింది.

ఫోన్ సంగతి చెబితే కృపావతి సంబరపడలేదు. "బోర్డు ఆదివారంలోపు చర్చికియ్యాల. పిల్లలు అడుగుతాండారు" అని బొమ్మలన్నీ కవర్లో వేసుకుంది. నల్ల మేకను మాత్రం నా టేబులు అద్దం కింద, ప్రశంసాపత్రం పక్కనే పెట్టింది. తీసేయమన్నాను. తీయలేదు. నేనూ తీయలేదు, అద్దం బరువు.

కొత్త పెట్టెతో బండి మొదట వంకమీదిపల్లెకే పోయింది. నేనూ ఎక్కాను. "పల్లెలో ప్రసంగం వద్దన్నా, మందు వెచ్చబడతది" అంది కృపావతి దారిలోనే. ప్రమీల ఈ మధ్యే మూడు మేకపిల్లలను కొనుక్కుంది. వాటిని ఒకదాని వెనక ఒకటి పట్టుకొచ్చి నిలబెట్టింది. ఇంత జరిగాక ఆమెకైనా పూర్తి సంగతి తెలియాలని మొదలుపెట్టాను.

"ప్రమీలా, ఈ సంఘం పెట్టిననాడు మేం పదకొండు మందిమే..."

"తెలుసన్నా. ఆ మేక తప్పించుకుంటాంది, బేగా పట్టుకో."

పట్టుకున్నాను. సూది దిగేదాకా దాని మెడ నా చంకలో బిగించి, నీళ్లతొట్టి సంగతీ గడ్డి సంగతీ ఆ మేకకే చెప్పాను.