పాలుకిచ్చిన తొండ

ఇంగ్లీషును కొందరు ఉద్యోగం కోసం నేర్చుకుంటారు, కొందరు పెళ్లి సంబంధం కోసం. నేను పగతో నేర్చుకున్నాను. భూపాలపల్లిలో మా ఆఫీసుకు పైనుంచి వచ్చే ఇంగ్లీషు సర్క్యులర్లను తెలుగు చేసే పని నాకే తగిలిస్తారు. "ఇంత మంచి ఇంగ్లీష్ ఎట్లొచ్చింది సార్ మీకు?" అని ఎవరైనా అడిగితే "మా బావ దయ" అంటాను. వినయం అనుకుంటారు. పగకు పగలూ రాత్రీ తేడా లేదంటారు గానీ, నాది ఆఫీసు వేళల్లో కూడా చక్కగా పనిచేస్తుంది.

బావ అంటే మా మేనమామ కొడుకు. నాకంటే మూడేళ్లు పెద్ద. ఇప్పుడు మహబూబాబాద్‌లో ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. మా చిన్నప్పుడు మామ దుబాయి నుంచి ఆయనకు అరచేతిలో పట్టే గేమ్ డబ్బా ఒకటి తెచ్చాడు. అందులో ఒకటే ఆట. అడవుల్లో, చెరువుల్లో తిరిగే వింత జీవాలను పట్టి, పెంచి, పోట్లాడించాలి. ఆ ఆటకు ఏళ్ల తరబడి కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయి. ఆడేవాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, పొట్టలు వచ్చాయి. జీవాలు మాత్రం నిగనిగలాడుతూ అట్లాగే ఉన్నాయి.

వేసవి సెలవులకు నేను బచ్చన్నపేటలో మామ ఇంటికి వెళ్లేవాణ్ణి. బావ జనగామలో ఇంగ్లీషు మీడియం, నేను మా ఊళ్లో తెలుగు మీడియం. ఆటంతా ఇంగ్లీషు. అందువల్ల నాకూ ఆటకూ మధ్య అసలైన మీడియం మా బావే. తెర మీద ఎవరైనా ఎదురుపడి ఏదో చెబుతారు.

"ఏమంటుండు బావా?"

"ముందుకు పొమ్మంటుండు."

ఇంకొక ముసలాయన మూడు పేజీల ఉపన్యాసం ఇస్తాడు.

"గీయన ఏమంటుండు?"

"గీయన గూడ ముందుకే పొమ్మంటుండు. జరంత ఆగు, ఊకె నస పెట్టకు."

ఆ ఆటలో మన వెంట ఆరు జీవాలే ఉండాలి. బావ పెద్ద మనసు చేసుకుని వాటిలో ఒకటి నాకిచ్చాడు. తొండలాంటి జీవి. గొంతు డప్పులా ఉబ్బించి మోగిస్తే ఎదుటి జీవి చెవులు చిల్లులు పడి కూలబడుతుంది. నేను తొండలను రాళ్లతో కొట్టిన పాపానికి దేవుడు తొండనే ఇచ్చాడనుకున్నాను. కానీ దాన్ని రెండు వారాలు కంటికి రెప్పలా పెంచాను. బావ నిద్రపోయే మధ్యాహ్నాల్లో గడ్డి మేటు నీడన కూర్చుని దాన్ని గెలిపించాను. బావకు ఇనుప ఈకల గద్ద ఉండేది. దాని ముందు నా తొండ పిపీలికం. అయినా నాది.

ఒకరోజు ఆటలో అడవి అంచున ఒక గుడిసె వచ్చింది. గుమ్మంలో ఒక అవ్వ. ఆమె ఏదో అంది.

"ఏమంటుంది బావా?"

బావ ఈసారి ముందుకు పొమ్మనలేదు. కొంచెం ఆలోచించాడు. "నీ తొండను ఈమెకు పాలుకియ్యాల్నంట" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. అదే నా ఖర్మ. మా వైపు మేకపిల్లనో దూడనో మేపలేనివాళ్లు ఇంకొకరికి పాలుకిస్తారు. వాళ్లు మేపి పెద్ద చేస్తారు, ఈనిన పిల్లల్లో సగం వాళ్లకు, సగం మనకు. మా అమ్మ కూడా రెండు మేకలు అట్లా ఇచ్చింది. ఇంగ్లీషు ఆటలో కూడా మన పద్ధతి ఉన్నందుకు గర్వపడ్డాను.

"మల్ల వస్తది గదా?"

"రాకేం జేస్తది? తొండ ముదిరితే ఊసరవెల్లి అయితది. పిల్లలల్ల సగం నీయి. ఒత్తు, గీ బటన్ ఒత్తు."

నొక్కాను. నా వేలితో నేనే నొక్కాను. తొండ ఒకసారి గొంతు ఉబ్బించి పొదల్లోకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే ఖాళీ అయిన చోట్లో బావ రెండు తలల మొసలిని పట్టి పెట్టుకున్నాడు.

ఆ సెలవులంతా పొద్దున లేచి మొహం కడుక్కోకముందే అడిగేవాణ్ణి. "బావా, అవ్వ ఇచ్చిందా?" "ఇంక ఈనలేదంట." చివరికి విసిగిపోయి, "నీకు ఇంగ్లీష్ రాదు, నీకు చెప్పినా సమజ్ కాదు" అన్నాడు. ఆ మాట దగ్గరే నేను ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టాను.

హనుమకొండలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక కంప్యూటర్ సెంటర్లో అదే పాత ఆట దొరికింది. నేరుగా అవ్వ గుడిసెకు వెళ్లాను. ఆమె అంటున్నది ఇదీ: "ఇక్కడ వదిలిన జీవం అడవిలో కలిసిపోతుంది. ఇక నిన్ను గుర్తుపట్టదు. వదిలేస్తావా?" కింద అవును, కాదు అని రెండు గళ్లు. పాలు లేదు, నీళ్లు లేదు. మా బావ ఆడింది ఆట కాదు, తొండి. నా తొండతో తొండి.

ఇది చెబితే మావాళ్లు నవ్వుతారు. ఎవరో భూమి గుంజుకుంటే పగ పెట్టుకోవాలి, చెరువు నీళ్లు మళ్లిస్తే పగ పెట్టుకోవాలి. తొండ కోసం పగ ఏమిటి? నిజమే. కానీ పగ కూడా ఎవరి తాహతుకు తగ్గట్టు వాళ్లకు దొరుకుతుంది.

ఈ మధ్య ఆ ఆట కొత్త భాగం ఒకటి వచ్చింది. అందులో ఒక పిల్లవాడి జీవం రోగంతో చచ్చిపోతుంది. వాడు దాని గిన్నెలో రోజూ గింజలు పోసి గుమ్మంలో పెడుతుంటాడు. మన వైపు ఆడేవాళ్లందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. నేనూ ఉన్నాను, బావా ఉన్నాడు. ఆయనే అడ్మిన్. ఆ గిన్నె మీద గ్రూపు రెండుగా చీలింది. సగం మంది కథకు ఇప్పుడు పెద్దరికం వచ్చింది అన్నారు. మిగతా సగం మంది పిల్లల ఆటలోకి చావును తెచ్చి ఖరాబు చేశారన్నారు. ఈ సగానికి నాయకుడు మా బావ. ఒక పొద్దున ఇట్లా రాశాడు:

"మన చిన్నప్పటి ఆటల చావు లేదు, ఏడ్పు లేదు, మోసం లేదు. ఉట్టి అమాయకత్వం. ఆ రోజులు మల్ల రావు."

ఆఫీసులో టీ నా ముక్కులోంచి వచ్చింది. దంతాలపల్లిలో సోషల్ టీచరుగా పనిచేసే ఒక అక్క దానికి జవాబు రాసింది: "పాత ఆట గూడ గంతనే తమ్మీ. అప్పుడు మనకు సదువరాలే, గందుకే తియ్యగున్నది." బావ నవ్వు బొమ్మలు పెట్టాడు. తన దగ్గర ఆ పాత డబ్బా ఇంకా ఉందనీ, పాత ఆట అట్లాగే ఉందనీ, గద్దను రోజూ ఒకసారి చూడకపోతే అన్నం దిగదనీ రాశాడు. ఫోటో కూడా పెట్టాడు. గద్ద రెక్కలు చాపి ఉంది.

నేనేమీ రాయలేదు. నాకు క్షమాపణ అక్కర్లేదు. ఆయనకు తెలియాలి, నొప్పిగా తెలియాలి, నలుగురి ముందు తెలియాలి. అంతే నా కోరిక. రాస్తే ఆయన అడ్మిన్, ఒక్క వేటుతో చెరిపేస్తాడు. అందుకే, "ఒకసారి జనగామల కలుద్దాం, ఎదురెదురుగ మాట్లాడుకుందాం" అని నేనే ప్రతిపాదించాను. అందరికీ రైలో బస్సో దొరుకుతుంది.

ఆదివారం మధ్యాహ్నం జనగామ స్టేషను దగ్గర ఒక హోటలు మేడ మీద ఎనిమిది మందిమి చేరాం. దంతాలపల్లి అక్క వచ్చింది. ఐదుగురు కాలేజీ కుర్రాళ్లు వచ్చారు. బావ డబ్బాను పచ్చ గుడ్డలో చుట్టుకొచ్చి, ఉత్సవ విగ్రహంలా బల్ల మధ్య పెట్టాడు. కుర్రాళ్లు వంతులవారీగా ముట్టుకున్నారు.

"మా బామ్మర్దికి గూడ ఇయ్యిన్రి" అన్నాడు బావ. "చిన్నప్పుడు దీని ఎంబడి ఎట్ల తిరిగెటోడో! మీసాలొచ్చినా మారలే."

"మీసాలు ఎక్కడొచ్చినై బావా, నాలుగు ఎంటికలే" అన్నాను. అందరూ నవ్వారు. నేను డబ్బా అందుకుని, ఆటలో మనిషిని నడిపించుకుంటూ అవ్వ గుడిసె దాకా తీసుకెళ్లాను. పిలిచాను. అవ్వ మాట్లాడింది. దాన్ని ముందు ఇంగ్లీషులో చదివి, తర్వాత ఆఫీసు గొంతుతో తెలుగు చేశాను. "పై విషయమునకు సంబంధించి, అవ్వగారు తెలియజేయునది ఏమనగా..." అని మొదలుపెట్టి, తొండ కథ మొత్తం చెప్పాను. పాలుకివ్వడం, ఈనకపోవడం, పొద్దున్నే అడగడం, రెండు తలల మొసలి, ఏదీ వదల్లేదు.

ఇన్నేళ్లు దాచిన బాంబు. పేలిందనుకున్నాను. కుర్రాళ్లు బల్ల మీద కొట్టి నవ్వారు.

"పాలుకిచ్చుడా! అన్నా, ఒరిజినల్ కంటె మీ డబ్బింగే మంచిగున్నది!"

"తొండకు పిల్లలు పుడితె సగం నీయే, ఎటూ పోవన్నా!"

బావ లేచి నిలబడి, సన్మానం జరుగుతున్నట్టు దండం పెట్టాడు. నా బాంబు వానలో తడిసిన సీమటపాకాయ అయింది. నా ముఖాన కూడా నవ్వు ఉంది. ఆ నవ్వు అక్కడికి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు, అలవాటుగా వచ్చి ఉంటుంది.

నవ్వనిది దంతాలపల్లి అక్క ఒక్కతే. "గది సరే. మరి తమ్ముని తొండ?" అని అడిగింది.

"తొండనే గదక్కా!" అన్నాడు బావ మిర్చి బజ్జీ కొరుకుతూ. "గేమ్‌ల వస్తయ్, పోతయ్. దానికి గింత పరేషాన్ ఎందుకు? పానమున్నదా పాడా?"

గద్దను చూడనిదే అన్నం దిగదన్న నోరే అది. అందులోకి బజ్జీ సులువుగానే దిగుతోంది.

డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. అవ్వ ఇంకా జవాబు కోసం గుమ్మంలో నిలబడే ఉంది. దేన్ని వదులుతావని అడిగింది. గద్దను చూపించాను. వదిలేస్తావా అంది. అవును. నిజంగానా అని ఇంకోసారి అడిగింది, మంచి అవ్వ. అవును. గద్ద గుడిసె చుట్టూ ఒక చుట్టు తిరిగి చెట్ల వెనక్కి వెళ్లిపోయింది. వెంటనే సేవ్ కూడా చేశాను. సేవ్ చేయడమంటే భూమి రిజిస్ట్రీ అయినట్టే. ఇక తిరగదోడడానికి ఉండదు. అప్పుడు రెండు చేతులతో, పెద్దలకు తాంబూలం ఇచ్చినట్టు, డబ్బాను బావకు అందించాను.

బావ ముందు నవ్వుతూనే చూశాడు. మీద, కింద బటన్లు నొక్కాడు. అవ్వను పిలిచాడు. ఆమె మళ్లీ మొదటి మాటే చెప్పింది.

"గద్దేదిరా?"

"అవ్వకు పాలుకిచ్చిన బావా."

"నకరాలు జెయ్యకు. గద్దేదీ?"

నేను బజ్జీ తీసుకున్నాను. వేడిగా ఉంది, ఉప్పు సరిపోయింది. అంత రుచిగల బజ్జీ జనగామలో ఇంతకుముందు తినలేదు.

కుర్రాళ్ల నవ్వులు ఆగిపోయాయి. "గిదేం పనన్నా! ఇరవై ఏండ్లది!" అని ఒకడు నా మీదికి లేచాడు. "చేసిందానికి చేసిండు, తప్పేముంది" అన్నాడు ఇంకొకడు. నిమిషంలో బల్ల రెండుగా చీలింది, గ్రూపులో కంటే గట్టిగా.

అక్క చెయ్యెత్తి క్లాసును ఆపినట్టు ఆపింది. "నెల దినాల సంది చీకటి కొత్త ఆటల ఉన్నదా, పాత ఆటల ఉన్నదా అని కొట్లాడుతున్నం. ఇగో, గా అవును అనే గడి కాడ ఉన్నది. అప్పుడూ గక్కడనే ఉన్నది." తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు జేసింది గూడ మంచి పని కాదు తమ్మీ."

"కాదక్కా" అన్నాను. నిజంగానే ఒప్పుకున్నాను. పశ్చాత్తాపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను కూడా. భూపాలపల్లి చివరి బస్సులాగా అది రాలేదు.

మీటింగు అక్కడితో ముగిసింది. బావకు మహబూబాబాద్ వెళ్లాలి, నాకు కాజీపేటలో దిగి బస్సు పట్టుకోవాలి. ఇద్దరికీ సాయంత్రం ప్యాసింజరే దిక్కు. చుట్టరికం ఎట్లాంటిదంటే, పగ తీర్చుకున్నాక కూడా ఒకే రైలు ఎక్కాలి. ఎదురెదురు సీట్లలో కూర్చున్నాం.

రఘునాథపల్లి దాటాక అన్నాడు. "గప్పుడే నన్ను అడిగితె అయిపోవు గదరా. మల్ల మొదటి సంది ఆడి ఇంకో తొండ పట్టిద్దును."

"రోజు అడిగిన బావా. పొద్దుగాల లేస్తనే అడిగిన."

ఆయన మొహం గుర్తుచేసుకునేవాడి మొహమైంది. గుర్తు రాలేదు. నాకు ఇన్నేళ్లు గుర్తున్నది ఆయనకు అసలు లేనే లేదు. నా పగలో ఇంకా మిగిలిన కొంచెం జాలి ఏదైనా ఉంటే, అది అక్కడ ఆరిపోయింది.

తర్వాత ఆయన గుడ్డ విప్పి డబ్బా తెరిచాడు. ఐదు జీవాలు, ఒక ఖాళీ. మూశాడు. ఘన్‌పూర్‌లో మళ్లీ తెరిచాడు. ఐదు జీవాలు, ఒక ఖాళీ. పక్కన కూర్చున్న ముసలామె పల్లీలు ఇస్తే వద్దన్నాడు. మళ్లీ తెరిచాడు. కిటికీ అవతల పత్తి చేలు ఎర్రటి ఎండలో అందంగానే ఉండి ఉంటాయి, నేను అటు చూడలేదు.

కాజీపేట వచ్చింది. నా టికెట్టు అక్కడి దాకే. లేచాను. ఆయన ఇంకోసారి డబ్బా తెరుస్తున్నాడు. నేను మళ్లీ కూర్చున్నాను. వరంగల్ నుంచి కూడా బస్సులుంటాయి.